పెట్టె మూత మీద డెబ్బై ఐదు

పోయిన మంగళవారం ఉదయం పదింటికి ఆయుధాల ఆఫీసు నుంచి ఒకావిడ మా ఇంటికి వచ్చింది. ఇక్కడ, జర్మనీలో, తుపాకి ఉన్నవాళ్ళ ఇంటికి ఆంట్ వాళ్ళు, అంటే ప్రభుత్వ ఆఫీసు వాళ్ళు, చెప్పకుండానే రావచ్చు. లోపలికి రమ్మని, మా ఆవిడతో "ఆంట్ నుంచి వచ్చారు, తనిఖీ" అన్నాను.

"టెర్మిన్ లేకుండానా? మనం వాళ్ళ దగ్గరికి వెళ్ళాలంటే మాత్రం మూడు వారాల ముందే టెర్మిన్ తీసుకుని తేదీ, టైమూ ఖాయం చేసుకోవాలి" అని మా ఆవిడ తెలుగులో గొణిగి, వచ్చినావిడ వైపు నవ్వి, కాఫీ పెట్టడానికి వెళ్ళింది.

వచ్చినావిడ పని తెలిసిన మనిషి. ఇనప బీరువాలో ఉన్న ఒకే ఒక్క రైఫిల్ నంబరును తన కాగితంతో సరిచూసుకుంది. తర్వాత తూటాల అర తీయమంది. అందులో ఒక పాత అట్టపెట్టె ఉంది. మూత మీద లావాటి పెన్సిల్‌తో 75 అని రాసి ఉంది. ఆవిడ మూత తీసి లోపల లెక్కపెట్టి, మళ్ళీ మూత వైపు చూసింది.

"ఇక్కడ డెబ్బై ఐదు అని ఉంది. లోపల పదిహేడే ఉన్నాయి. మిగతావి ఎక్కడున్నాయి?"

జవాబు పెద్దదేం కాదు. కానీ దాని వెనకాల ఒక మనిషి ఉన్నాడు. ఆయన గురించి రాయాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాను. ఆ సాయంత్రమే పాత డైరీలు కిందికి దింపాను.

నేను ఆకెన్‌లో ఒక లోహ పరీక్షశాలలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. విరిగిన ఉక్కు ముక్కను పరీక్షించి, ఎందుకు విరిగిందో రాయడం నా పని. రిటైరయ్యాక ఆకెన్‌కు గంట దూరంలో, ఐఫెల్ కొండల్లో, మూడు వందల గడప కూడా లేని ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నాం. చేరిన మొదటి వసంతంలోనే అడవిపందులు మా పెరడు దున్నేశాయి. మా ఆవిడ వేసిన మెంతికూర, బంగాళాదుంపలు, పక్కనున్న పచ్చిక అన్నీ ఏకమయ్యాయి. ఊరి చుట్టూ ఉన్న అడవిలో, పొలాల్లో వేట హక్కును ఒక పెద్దాయన కౌలుకు తీసుకున్నాడని, పందుల సంగతి ఆయనకు చెప్పాలని పక్కింటివాళ్ళు అన్నారు.

ఆయన పొట్టి కాళ్ళ డాకెల్ కుక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పటికే డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఇళ్ళ కప్పుల మీద నల్లరాతి పలకలు పరవడం ఆయన వృత్తి. ఊళ్ళో సగం కప్పులు ఆయన చేతివేనట. గోళ్ళ కింద బూడిదరంగు అప్పటికీ పోలేదు. ఎడమ బొటనవేలి గోరు నిలువునా చీలి, రెండు ముక్కలుగా పెరిగింది. పెరట్లో గొంతుక్కూర్చుని ఆ గోటితో మట్టి గీకి చూశాడు.

"తల్లి పందీ, నాలుగు పిల్లలూ. నిన్న కాదు, మొన్న."

"ఏమంటాడండీ?" అంది మా ఆవిడ. చెప్పాను. "మొన్న వచ్చినవాళ్ళ కుటుంబ వివరాలు కాదు, రేపు రాకుండా ఏం చేస్తాడో అడగండి" అంది.

అది అడగబోయి, ఏ తుపాకితో కొడతారని అడిగాను. ఆయన ఒక అంకె చెప్పాడు. వెళ్ళాక దాన్ని డైరీలో రాసుకున్నాను: 7×75. ముందున్నది గుండు వెడల్పు, వెనకున్నది ఇత్తడి తొడుగు పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. అప్పటికి నాకు అంతవరకే తెలుసు. తర్వాత పుస్తకాల్లో వెతికితే అలాంటి తూటా నిజంగానే కనబడింది. అరుదైంది, చాలా వేగమైంది. పల్లెటూరి పెద్దాయన దగ్గర ఇంత పదునైన సరుకు ఉందా అని ఆశ్చర్యపోయాను. వారం తర్వాత రొట్టెల కొట్టు ముందు కనబడితే అదే మాట చెప్పి మెచ్చుకున్నాను.

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని మరీ నవ్వాడు. నవ్వుకు దగ్గు కలిసింది.

ఆయన చెప్పింది యాభై ఏడు. జర్మన్‌లో యాభై ఏడును "ఏడూ యాభై" అంటారు. ఏడు ముందు వినబడుతుంది కనక చేయి ముందు ఏడే వేస్తుంది, పక్కన ఐదు పడుతుంది. నలభై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నా, ఎవరైనా వేగంగా ఫోన్ నంబరు చెబితే నేనిప్పటికీ తిరగేసే రాస్తాను. మనవాళ్ళలో ఈ పొరపాటు చేయనివాళ్ళను నేను చూడలేదు. కొలోన్‌లో నా స్నేహితుడొకడు ఇంటి నంబరు తిప్పి రాసుకుని, ముక్కూమొహం తెలియని వాళ్ళ పుట్టినరోజుకు వెళ్ళి, కేకు కూడా తినేసి వచ్చాడు.

ఆయన తూటా 7×57. నూట ముప్పై ఏళ్ళకు పైబడిన వయసు దానిది. ఆ రోజు నుంచి నేను ఆయనకు "హెర్ ఫ్యున్ఫ్ ఉంట్ జీబ్‌త్సిష్" అయ్యాను. అంటే డెబ్బై ఐదు గారు. నా అసలు పేరు ఆయన నోట ఎప్పుడూ వినలేదు. పలకడం కష్టమని కాదు, ఇదే నచ్చిందనుకుంటాను.

పందుల వల్ల మొదలైన పరిచయం నన్ను వేట పరీక్ష దాకా తీసుకెళ్ళింది. ఇక్కడ వేటాడాలంటే ఏడాది చదవాలి. చెట్లు, జబ్బులు, చట్టం, కుక్కలు, తుపాకులు అన్నీ పాఠాలే.

"చికెన్ కొట్టు ముందు ముక్కు మూసుకుని నిలబడే మనిషి, అరవై ఐదేళ్ళకు అడవిలో పడ్డారు" అని మా ఆవిడ ఫోన్‌లో వాళ్ళ చెల్లెలికి చెప్పడం విన్నాను. అయినా చదివాను, పాసయ్యాను. ఆయన తన అడవిలో వేటాడుకోవడానికి నాకు అనుమతి కాగితం రాసిచ్చాడు.

ఇక తుపాకి కొనాలి. నేను నాకు తెలిసిన పద్ధతిలోనే వెళ్ళాను. పన్నెండు రకాల తూటాల వివరాలు సేకరించి పట్టిక వేశాను: వేగం, శక్తి, రెండు వందల మీటర్ల దగ్గర గుండు ఎంత కిందికి దిగుతుంది. లెక్క ప్రకారం మాగ్నమ్ అనే ఒక కొత్త తూటా గెలిచింది. గుండు వెడల్పు ఆయన దానిదే, అదే ఏడు మిల్లీమీటర్లు. వెనక మందు మాత్రం ఒకటిన్నర రెట్లు. దానికి సరిపడే తుపాకి కొని, పట్టికతో సహా ఆయనకు చూపించాను.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ప్రతి గడీ చదివాడు. ఏదీ వదల్లేదు. చదివి, కాగితం మడిచి నా చేతికిచ్చాడు.

"చాలా శుభ్రంగా రాశారు. ఇదంతా జింకకు తెలుసా?"

"అంటే?"

"మన మంచెల మీంచి రెండు వందల మీటర్లు ఎక్కడ కనబడుతుంది, డెబ్బై ఐదు గారూ? డెబ్బై, ఎనభై. ఆపైన చెట్లే."

జింకకు తెలుసా అన్నది ఆయన మాట. వాతావరణ శాఖ వాన లేదంటే, "మేఘానికి తెలుసా?" అనేవాడు. డాక్టరు ఆయన రక్తపోటు అంకెలు చదివితే, "గుండెకు తెలుసా?" అన్నాడట. వెక్కిరింపు కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగేవాడు, జవాబు కోసం ఆగేవాడు కూడా.

ఆయన వేటకు రెండే తూటాలు తీసుకెళ్ళేవాడు. ఒకటి తుపాకిలో, ఒకటి చొక్కా జేబులో చేతిరుమాల్లో చుట్టి. తాళంచెవులకు తగిలి చప్పుడు కాకుండా ఆ రుమాలు. బయల్దేరే ముందు తూటాను వంటింటి బల్ల మీద ఒకసారి దొర్లించి, ఎక్కడా ఊగకుండా పోతుందా లేదా అని చూసేవాడు. ఇరవై తూటాల పెట్టె రెండేళ్ళు వచ్చేది. మంచె ఎక్కడంలో కూడా కప్పుల పనివాడే: రెండు కాళ్ళూ ఒక చెయ్యీ కుదురుకున్నాకే రెండో చెయ్యి కదిలేది. పేల్చాక వెంటనే దిగేవాడు కాదు. జేబులోంచి ఆపిల్ తీసి, చాకుతో ముక్కలు కోసుకుని, పూర్తిగా తినేవాడు. పడిన జంతువు ప్రశాంతంగా పోవడానికి అంత సమయం ఇవ్వాలట. ఆయన దగ్గర కాలం కొలత అదే. "ఎంతసేపు ఆగాలి?" అంటే "ఒక ఆపిల్" అనేవాడు.

నా మొదటి జింక మే నెల ఉదయం దొరికింది. మాగ్నమ్‌తో కొట్టాను. ఉన్నచోటే పడింది. ఆయన నా పక్కనే మంచె మీద ఉన్నాడు. ఆపిల్ అయ్యాక దిగాం. ఆయన ఓక్ చెట్టు నుంచి రెండు చిన్న రెమ్మలు విరిచాడు. ఒకటి జింక నోట్లో పెట్టాడు. దాన్ని ఇక్కడి వేటగాళ్ళు "చివరి ముద్ద" అంటారు. రెండోది దాని నెత్తురుకు తాకించి, తన టోపీ మీద పెట్టి నాకు అందించాడు. నేను తీసుకుని నా టోపీకి గుచ్చుకున్నాను. అప్పుడాయన కుడిచెయ్యి చాపాడు.

"ఈ రోజు నుంచి మనం 'డూ'."

మనకు మల్లే జర్మన్‌లో కూడా మీరు, నువ్వు ఉన్నాయి. మీరు అనడానికి "జీ" అంటారు, నువ్వు అనడానికి "డూ". హైదరాబాద్ మీదుగా వచ్చిన చెవికి ఆ "జీ" ఎంత మర్యాదగా వినబడుతుందో వేరే చెప్పక్కర్లేదు. మా ఇంట్లో నాన్నను మీరు అనే పిలిచేవాళ్ళం. ఎనభై ఏళ్ళ మనిషిని నువ్వు అనడానికి నాకు నోరు తిరగలేదు. చెయ్యి కలిపి, "మీకు చాలా కృతజ్ఞతలు" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా చెయ్యి వదలకుండా చూశాడు. తర్వాత తల ఊపి జింక దగ్గర కూర్చున్నాడు. పెద్దవాడు డూ అనమని చెయ్యి చాపాక జీ అంటే, ఈ దేశంలో అది మర్యాద కాదు. వద్దు అనడం. ఆ సంగతి నాకు పుస్తకజ్ఞానంగా తెలుసు. ఆయన మాత్రం ఆ రోజు నుంచి నన్ను నువ్వు అనే పిలిచాడు. నేను మీరు అంటూనే ఉన్నాను. గౌరవమే ఇస్తున్నాననుకున్నాను.

ఆ జింక మాంసం మా వంటింటికి వచ్చింది. రెండు భుజాలూ నెత్తురు గడ్డకట్టి నల్లగా ఉన్నాయి.

"ఇదేమిటండీ, తుపాకితో కొట్టారా, లారీతో గుద్దారా?" అంది మా ఆవిడ.

సగం పారేసి, మిగిలింది వండింది. ఆదివారం ఆకెన్ నుంచి మాస్టర్స్ చదివే పిల్లలు నలుగురు భోజనానికి వచ్చారు. అందులో వరంగల్ అమ్మాయి రెండు ముద్దలు తిని ఆగింది. "కూర మస్తుంది ఆంటీ. గానీ అన్నంల రాళ్ళొచ్చినట్టు ఎముక ముక్కలు వస్తున్నయ్" అంది. నేను డైరీలో పారేసిన మాంసం బరువు రాసుకున్నాను. నాకు అన్నీ రాయడం అలవాటు: దూరం, గాలి, పేలాక జంతువు పరుగెత్తిన అడుగులు. నావీ రాసేవాణ్ణి, పక్కనున్నప్పుడు ఆయనవీ రాసేవాణ్ణి.

మరుసటి ఏడు ఆగస్టులో జరిగింది రాయడం ఇప్పటికీ కష్టమే. ఉదయం ఆరున్నరకు ఒక మగ జింక పొలం గట్టు మీదికి వచ్చింది. డెబ్బై మీటర్లు. కొట్టాను. అది వీపు వంచి ఎగిరి అడవిలోకి పోయింది. ఆయనకు ఫోన్ చేశాను. కుక్కతో వచ్చాడు.

"ఎక్కడ తగిలిందనుకుంటున్నావు?"

"భుజం వెనక."

ఆయన గట్టు మీద వంగి, గడ్డి పరక ఒకటి తెంపి నాకు చూపించాడు. దాని మీద నెత్తురు లేదు. పచ్చగా, పుల్లటి వాసనతో ఏదో అంటుకుని ఉంది. గుండు కడుపులో తగిలింది.

"ఎంతసేపు ఆగాలి?" అన్నాను.

"ఈసారి బుట్టెడు ఆపిళ్ళు" అన్నాడు. అది హాస్యం కాదు. ఇప్పుడే వెంటబడితే అది ఇంకా దూరం పరుగెడుతుంది. పడుకోనివ్వాలి. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఆయన జేబులో ఆపిల్ ఉంది, తీయలేదు. తర్వాత కుక్కను తాడు మీద వదిలాడు. అది నేల వాసన చూస్తూ ముళ్ళపొదల్లోకి తీసుకెళ్ళింది. జింక అక్కడ తలెత్తి మమ్మల్ని చూస్తూ ఉంది. లేవలేదు. ఆయన పాత తుపాకితో ఒక్కటి పేల్చాడు. రెమ్మ విరిచి దాని నోట్లో పెట్టాడు. నాకు రెమ్మ ఇవ్వలేదు.

తిరిగి వస్తుంటే ఒకే మాట అన్నాడు: "దానికి మూడు గంటలు పట్టింది."

ఆ రోజు నా డైరీ పేజీలో అంతకుమించి ఏమీ లేదు. మూడు గంటలు.

రెండు వారాల తర్వాత ఆయన నన్ను గురి నేర్చుకునే మైదానానికి రమ్మన్నాడు. నా తుపాకినే తెమ్మన్నాడు. "నువ్వు పేల్చు. తూటాలు నేను పెడతాను" అన్నాడు. ముసలాయనకు కాలక్షేపం అనుకున్నాను. మొదటిది పేలింది, రెండోది పేలింది. నా భుజం అప్పటికే మండుతోంది. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని చిన్న చప్పుడు మాత్రం వచ్చింది. ఆయన అందులో మందు లేని ఉత్తి తూటా పెట్టాడు.

పేలలేదు కదా, తుపాకి కదలకూడదు. కానీ గొట్టం ముందుకు తూలి, తలవంచి దండం పెట్టినట్టు కిందికి దిగింది. నా రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని ఉన్నాయి. తెరిచేసరికి ఆయన నన్నే చూస్తున్నాడు.

ముప్పై నాలుగేళ్ళు పరీక్షలు చేసినవాణ్ణి. ఇంత సూటి పరీక్ష నేనెప్పుడూ చేయలేదు. దాంట్లో విరిగిన ముక్క నేనే.

"తుపాకి తప్పు కాదు. నీ తప్పూ కాదు" అన్నాడాయన. "అది తన్నుతుంది. నీకు తెలియకపోయినా నీ కంటికి తెలుసు. అందుకే ముందే మూసుకుంటోంది."

తర్వాత తన తుపాకి నా చేతిలో పెట్టాడు. కర్ర భాగం చేతులు రాసుకుని రాసుకుని నున్నబడి, తేనె రంగుకు వచ్చింది. పేల్చాను. అది తన్నలేదు. ఎవరో భుజం మీద చెయ్యి వేసి కొంచెం పక్కకు జరగమన్నట్టు తోసింది, అంతే. ఐదు పేల్చాను. వంద మీటర్ల దగ్గర ఆ ఐదు చిల్లులనూ నా అరచేతితో కప్పగలిగాను.

ఆయన దాన్ని తిరిగి తీసుకోకుండా అన్నాడు: "నా తర్వాత మా అమ్మాయి దీన్ని ఉంచుకోదు. ఆంట్‌కు ఇచ్చేస్తుంది. అక్కడ కోసి తుక్కు చేస్తారు. యాభై ఏళ్ళకు పైగా ఈ అడవిలో తిరిగింది. ఇక్కడే తిరగాలని నా కోరిక. నువ్వు తీసుకో."

నాకు ఆ క్షణంలో వినబడింది ఆయన కోరిక కాదు. నీకు ఆ పెద్ద తుపాకి చేతకాదు అన్నట్టు వినబడింది. "మీరింకా చాలాకాలం వాడాలి. అయినా నాకు ఉంది కదా, సాధన చేస్తాను" అన్నాను.

"గూట్, మంచిది" అన్నాడు. తుపాకిని మళ్ళీ గుడ్డలో చుట్టాడు.

ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: "పాతకాలపు తూటా. అభిమానం వేరు, కొలత వేరు." వాక్యం బాగుందని కింద గీత కూడా గీసుకున్నాను.

ఇంకో రెండేళ్ళు మాగ్నమ్‌తోనే తిరిగాను. చెవులకు మంచి రక్షణ కొన్నాను, భుజానికి మెత్త కొన్నాను. ఆయన తుపాకి మాట మళ్ళీ ఎత్తలేదు. దగ్గు మాత్రం ఎక్కువైంది. జీవితమంతా రాతిపలకలు కోసినప్పుడు పీల్చిన పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టర్లు తేల్చారు. మంచె ఎక్కడం ఆగిపోయింది. తర్వాత మెట్లు ఎక్కడం ఆగిపోయింది.

ఆగస్టు చివర్లో వాళ్ళ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. యాభై దాటిన మనిషి, తండ్రిలాగే తక్కువ మాటలు. మా ఆవిడ ఇచ్చిన టీ తాగి, కప్పు కింద పెట్టి చెప్పింది.

"నాన్నను చూసుకోవడానికి నర్సు రోజూ వస్తోంది. ఇంట్లో తుపాకి ఉండటం నాకు ఇష్టం లేదు. వచ్చే నెలాఖరున ఆంట్‌కు అప్పగిస్తాను. నాన్న సరే అన్నాడు. మీకు చెప్పమనలేదు. నేనే వచ్చాను."

"నాకు చెప్పడం ఎందుకు?"

"నాన్న మీ గురించి ఒక మాట అంటుంటాడు. డెబ్బై ఐదు గారికి రెండు ఇచ్చాను, రెండూ వద్దన్నాడు అని. కోపంగా కాదు. ఒకటి తుపాకి అని నాకు తెలుసు. రెండోది ఏమిటో చెప్పడు."

నాకు తెలుసు.

ఆమె వెళ్ళాక మా ఆవిడ కప్పులు తీస్తూ, "మర్యాద చేశాననుకుని మొహం మీద తలుపేశారన్నమాట, ఇన్నేళ్ళు" అంది.

ఆ మధ్యాహ్నం నాలుగేళ్ళ డైరీలు బల్ల మీద పరిచాను. ఒక కాగితం మీద నిలువుగా గీత గీశాను. ఎడమవైపు ఆయనవి, కుడివైపు నావి. పేలాక పరుగెత్తిన అడుగులు ఒక్కొక్కటే దించాను. ఆయన వైపు సున్నా, సున్నా, పన్నెండు, సున్నా, ఎనిమిది. నా వైపు అంకెలకు గడి చాల్లేదు. కుక్కను పిలవాల్సి వచ్చినవి ఆయన వైపు ఒక్కటీ లేదు. నా వైపు మూడు. పారేసిన మాంసం నా వైపే ఉంది. ఇందులో ఒక్క అంకె కూడా కొత్తది కాదు. అన్నీ నా చేతిరాతే. నాలుగేళ్ళుగా రాశాను, పక్కపక్కన పెట్టి ఎన్నడూ చూడలేదు.

తూటాల పట్టికలో నేను గుండు సంగతి అంతా రాశాను, గుండు వెనకున్న కన్ను సంగతి రాయలేదు. దగ్గర దూరంలో అంత వేగం అక్కర్లేదు. ఆ పాత తూటా నెమ్మదిగా వెళ్ళి, తగలాల్సిన చోట తగిలి, తన పని చేసి బయటికి పోతుంది. పేల్చేవాణ్ణి భయపెట్టదు. భయపడనివాడి కన్ను తెరిచే ఉంటుంది. అభిమానం వేరు, కొలత వేరు అన్న వాక్యం కింద గీత అలాగే ఉంది. దాన్ని కొట్టేయలేదు. పక్కన "తప్పు" అని రాశాను.

ఆమె చెప్పిన నెలాఖరుకు ఇంకా నెల రోజులుంది. ఒక వేటగాడు ఇంకొకడికి తుపాకి నెల రోజుల దాకా అరువివ్వచ్చు. వాళ్ళ అమ్మాయి ద్వారా అడిగాను. ఆయన కాగితం మీద సంతకం పెట్టి తుపాకి పంపాడు, ఒక్క తూటాతో. రెండోది పంపలేదు.

సెప్టెంబరు మధ్యలో ఒక ఉదయం ఆయన మంచె మీదే కూర్చున్నాను. తూటాను ఇంట్లో బల్ల మీద దొర్లించే వచ్చాను. పొగమంచు తేలిపోయాక ఏడాది వయసు ఆడజింక ఒకటి క్లోవర్ గడ్డి మడిలోకి వచ్చింది. తల వంచి మేసింది, పక్కకు తిరిగింది. పేల్చాను. ఆ పేలుడులోంచి కూడా జింక నాకు కనబడుతూనే ఉంది. మోకాళ్ళు మడిచి అక్కడే కూలింది. నా కళ్ళు తెరిచే ఉన్నాయని నాకు అప్పుడు తెలిసింది.

జేబులోంచి ఆపిల్ తీశాను. పూర్తిగా తిన్నాను. దిగి, రెమ్మ విరిచి దాని నోట్లో పెట్టాను.

కార్జం వేటాడినవాడి వాటా. దాన్ని కడిగి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన కిటికీ పక్క మంచం మీద, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో, దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. డబ్బా మూత తీసి చూపించాను. వాసన చూశాడు.

"ఎన్ని అడుగులు?"

"సున్నా."

"ఎముకలు?"

"భుజం రెండు పక్కలా శుభ్రంగా ఉంది."

"డైరీ తెచ్చావా?"

తెచ్చాను. చదివాను: "ఉదయం ఏడు ఇరవై. అరవై ఐదు మీటర్లు. ఒక ఆపిల్."

"పట్టిక?"

"లేదు."

ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "అయితే జింకకు తెలిసిందన్నమాట" అన్నాడు.

నేను దారిపొడవునా ఒక వాక్యం అనుకుంటూ వచ్చాను. చిన్న వాక్యమే. ఇప్పుడు లేచి నిలబడి అన్నాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు, ఆయన వయసుకు కాబోలు.

"నీ తుపాకి నాకు ఇస్తావా?"

"నీ" అనడం అదే మొదటిసారి. ఆయన వంటింటి వైపు తల తిప్పి, ఉన్న గొంతంతా పెట్టి పిలిచాడు.

"అమ్మాయ్, విన్నావా? డెబ్బై ఐదు గారికి జర్మన్ వచ్చేసింది!"

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బల్ల సొరుగులోంచి కాగితాలు తీసింది. తుపాకి నా పేరుకు మార్చే పత్రం ఆయన వైపు అంతా అప్పటికే నింపి ఉంది. ఎప్పుడు నింపాడో నేనడగలేదు. ఇద్దరం సంతకాలు పెట్టాం. తర్వాత ఆయన తూటాల పెట్టె తెమ్మన్నాడు. ఇరవైలో నేను కాల్చినది పోను పందొమ్మిది. పలకల మీద గీతలు పెట్టే లావు పెన్సిల్ అడిగి తీసుకుని, పెట్టెను ఛాతీ మీద పెట్టుకుని, మూత మీద నెమ్మదిగా రాశాడు. 7. 5.

"హెర్ ఏది? నేను డెబ్బై ఐదు గారిని కదా" అన్నాను.

"డూ అన్నాక ఇక హెర్ ఎందుకు?" అన్నాడు.

పదకొండో రోజున ఆయన పోయాడు. నెలాఖరు ఇంకా రాలేదు. చుట్టుపక్కల ఊళ్ళ వేటగాళ్ళు ఆకుపచ్చ కోట్లలో వచ్చి కొమ్ములు ఊదారు. ఒక్కొక్కరం ఒక్కో రెమ్మ ఆయన మీద వేశాం. నాది ఓక్ రెమ్మ. కుక్కను వాళ్ళ అమ్మాయి ఉంచుకుంది. నేను మాగ్నమ్‌ను కొన్న కొట్టుకే తిరిగి ఇచ్చేశాను. ఈ రెండేళ్ళలో ఆ పెట్టెలోంచి రెండు తూటాలే ఖర్చయ్యాయి. రెండుసార్లూ డైరీలో ఒక ఆపిల్ అనే ఉంది.

ఆయుధాల ఆఫీసు ఆవిడ ఇంకా మూత పట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది.

"అది లెక్క కాదండీ" అన్నాను. "పేరు."

"ఎవరి పేరు?"

"నాది."

ఆవిడ చేతిలో ఉన్న నా తుపాకి లైసెన్సు కార్డు చూసింది. నా మొహం చూసింది. మూత జాగ్రత్తగా మూసి, అంకె పైకి కనబడేలా అరలో పెట్టింది. తన కాగితం మీద పదిహేడు అని రాసుకుంది. మా ఆవిడ కాఫీ తెచ్చింది.

ఆ రోజు డైరీలో: "తనిఖీ అయింది. తూటాలు పదిహేడు. పేరు అడిగారు, చెప్పాను."